ముంజేతి మీద రాసుకున్న మనిషి

నవంబరు నెల, రెండో ఆదివారం. చోడవరం, మా పక్కింటి పెరడు. ఉదయం తొమ్మిది గంటలకి మట్టి సామాను కాల్చే బట్టీ వెలిగించారు. ఉన్నవారు: ఆ ఇంటి కోడలు, ఆమె భర్త, మా ఆవిడ, నేను. ముందు రోజు పడిన చినుకులకి నేల ఇంకా తడిగానే ఉంది. ఎండ బాగుంది.

ఉన్నవారెవరో ముందు రాయడం నా అలవాటు. రైవాడ రిజర్వాయరు దగ్గర నీటిమట్టం చూసి రాసే ఉద్యోగం చేశాను. కొలత తీసినప్పుడు పక్కన ఎవరున్నారో కూడా రాయాలని చేరిన కొత్తలో మా పై అధికారి చెప్పాడు. ఉద్యోగం అయిపోయింది గాని ఆ అలవాటు మిగిలింది. ఆ ఆదివారం మాత్రం నలుగురిని రాసేసరికి కలం ఆగింది. అదే పెరట్లో, అదే బట్టీ, అంతకుముందు పదకొండు సార్లు వెలిగింది. పదకొండు సార్లూ నా డైరీలో మొదట రాసినది ఒకే మనిషిని, ఆ కోడలి అత్తగారిని. ఈసారి ఆవిడ లేదు. ఆషాఢంలో పోయింది.

ఆవిడ పేరు ఇక్కడ కూడా రాయను. వీధిలో ఆ పేరు వాడినవాళ్లు ఎవరూ లేరు. పెళ్లిళ్లలో గోరింటాకు కోన్లు పట్టుకుని తిరిగేది కాబట్టి రావికమతం నుంచి బుచ్చయ్యపేట దాకా అందరికీ కోన్లమ్మ. నాకంటే రెండేళ్లు పెద్దది, అక్క వరస, నేను అప్పా అనేవాణ్ణి.

ఆవిడని తలుచుకుంటే నాకు ముందు మొహం గుర్తు రాదు. ఎడమ ముంజెయ్యి గుర్తొస్తుంది. మణికట్టు దగ్గర్నుంచి మోచేతి దాకా ఎప్పుడూ ఏదో ఒక నమూనా ఎర్రగా ఉండేది. సింగారానికి కాదు. అది ఆవిడ నోటుపుస్తకం. దేవరాపల్లిలో ఎవరి గడప మీదో పాతకాలపు లత కనిపించినా, గుడి స్తంభం మీద అరిగిపోయిన తామరపువ్వు కనిపించినా, బస్సులో ముందు సీటామె చీర అంచు నచ్చినా, సంచిలోంచి కోను తీసి అక్కడికక్కడే చేతి మీద వేసేసుకునేది. బస్సు కుదుపుకి గీత వంకర పోతే డ్రైవరుని తిట్టేది.

"కాగితం మీద వేసుకోవచ్చు కదప్పా" అన్నాను ఒకసారి.

"కాగితం ఎక్కడ పెట్టేనో మర్సిపోతాను బాబూ. సెయ్యి ఎక్కడ పెట్టేనో మర్సిపోను గదా."

"పది రోజుల్లో చెరిగిపోతుంది."

"అందికే మరి. సెరిగిపోయేలోగా మట్టి మీదికి దించాల. కాగితం మీదుంటే పదేళ్లయినా దించను."

ఇంట్లో నా డైరీలు రెండు బీరువాలున్నాయి.

ఎవరింటికి వెళ్లినా ముందు ఇంటివాళ్ల మొహం చూసేది కాదు, వంగి గడప చూసేది. తరవాత తలుపు చెక్కడం, ఆ తరవాత వంటింట్లో ఇత్తడి సామాను. మా ఇంట్లో మా అమ్మ కాలం నాటి గంగాళం ఒకటుంది. దాని మెడ చుట్టూ చేపలు ఒకదాని తోక ఒకటి పట్టుకున్నట్టు ఉంటాయి. డెబ్భై ఏళ్లు ఆ గంగాళం చూశాను, చేపలున్నాయని ఆవిడ చెబితేనే తెలిసింది. "నువ్వు నీల్ల లెక్క సూసేవు గాని సేపల్ని సూళ్లేదు బాబూ" అంది. ఆ మాటకి మా ఆవిడ వారం రోజులు నవ్వింది.

పుట్టడం కుమ్మరి ఇంట్లోనే పుట్టింది. కాని వాళ్లలో ఆడవాళ్లు కుండలు చేసే చక్రం, సారె, ముట్టకూడదు. మట్టి తొక్కవచ్చు, కుండకి రంగు పుయ్యవచ్చు, సంతకి మోసుకెళ్లవచ్చు. తిరిగే సారె మీద చెయ్యి వెయ్యకూడదు. తండ్రి చేసే పని చూస్తూ పెరిగి, పెళ్లయ్యాక బతుకుతెరువుకి గోరింటాకు నేర్చుకుంది. డెబ్భైకి దగ్గరపడ్డాక, విశాఖపట్నంలో నెల్లాళ్ల పాటు పింగాణీ పని నేర్పుతున్నారని ఎవరో చెబితే రోజూ బస్సెక్కి వెళ్లి వచ్చింది. వచ్చి పెరట్లో పాత ఇనప డ్రమ్ముకి లోపల ఇటుక పేర్పించి, గ్యాసు మంటతో నడిచే బట్టీ కట్టించింది.

"మరి సారె?" అని అడిగాను.

"ముట్టకూడదన్నారు, ముట్టను. బల్ల మీద సపాతీలాగ మట్టి పరుస్తాను. బల్లకి ఆడా మగా ఏటి?"

అలా పరిచిన మట్టిని పళ్లేలుగా, పలకలుగా కోసి, వాటి మీద గోరింటాకు కోనుతోనే గీసేది. కోనులో గోరింటాకు బదులు జావలా కలిపిన తెల్లమట్టి. ఎర్రమట్టి మీద తెల్లటి సన్నని గీత, తాకితే వేలికి తగిలేటంత ఎత్తుగా.

మొదటి విడత పళ్లేల సంగతి నా డైరీలో అర పేజీ ఉంది. చేతికి గోరింటాకు పెట్టేముందు నీలగిరి నూనె రాస్తారు, బాగా పండుతుందని. ఆరుతున్నప్పుడు నిమ్మరసంలో పంచదార కలిపి దూదితో అద్దుతారు, ఊడిపోకుండా. ఎన్ని పెళ్లిళ్లలో చేసిందో, ఆ రెండు పనులూ ఆవిడ వేళ్లకి వాటంతటవే వచ్చేవి. ఎనిమిది పళ్లేలూ అలాగే నూనె రాసి, కోనుతో గీసి, పంచదార నీళ్లు అద్ది, అరుగు మీద ఆరబెట్టింది. మర్నాడు ప్రహరీ గోడ మీంచి నన్ను పిలిచింది.

"బాబూ, రా రా. సీమలికి కూడా పనిచ్చేను, సూడు."

వెళ్లి చూస్తే పళ్లేల మీద చీమలు బారులు తీరి ఉన్నాయి. పంచదార కోసం వచ్చినవి తెల్లమట్టి పొడి కూడా కొంచెం కొంచెం మోసుకుపోతున్నాయి. చీమలు వదిలేసిన గీతలు, నూనె మీద అంటుకోలేక, ముట్టుకుంటే పెచ్చులు పెచ్చులుగా లేచిపోతున్నాయి. పక్కన కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నవ్వుతావేటే గుంటా? ముందు నువ్వైనా సెప్పకూడదేటి?"

"సెప్తే ఇన్నావేటత్తా? మట్టికి నూనె ఎందుకన్నాను. 'ఇన్ని పెళ్లిళ్లు సేసిన సెయ్యి నాది, నువ్వు నాకు సెప్తావా' అన్నావు."

ఆవిడ కోప్పడలేదు. ఒక పళ్లెం ఒళ్లో పెట్టుకుని చీమల్ని ఊదుతూ కాసేపు కూర్చుంది. "సెయ్యే అనుకున్నాను బాబూ" అంది చివరికి. "ఎదర సల్లగా ఏదున్నా నాకు పెళ్లికూతురి సెయ్యిలాగే అనిపిస్తాది." తరవాత్తరవాత, మట్టి పూర్తిగా ఆరకముందు, కొంచెం తడి ఉన్నప్పుడే గీస్తే నిలుస్తుందని కనిపెట్టింది. ఆ ఎనిమిది పళ్లేలనీ నీళ్లలో నానబెట్టి మళ్లీ మట్టి చేసేసింది.

కోడలికి మాత్రం కోను ఇచ్చేది కాదు. ఈ విషయంలో ఆవిడది మొండితనమే, ఉన్నదున్నట్టు రాస్తాను. కోడలు మట్టి పిసికేది, జల్లెడ పట్టేది, కోన్లు నింపి మూతులు కట్టేది. గీస్తానంటే "నీది తొందర సెయ్యి" అనేది అత్త. కూర తొందరగా తరిగినా అదే మాట, ముగ్గు తొందరగా వేసినా అదే మాట. బట్టీ వెలిగించిన రోజున "ఇక్కడ నీకేటి పని, ఎల్లి అన్నం వొండు" అని లోపలికి పంపేది. ఆ అమ్మాయి వంటింటి కిటికీలోంచి చూసేది. నేను ఒకసారి "పోనీ నేర్పకూడదా అప్పా" అంటే, "నేర్పితే వొస్తాదేటి? ఓపికుంటే దానికదే వొస్తాది" అని మాట తప్పించింది.

నన్ను మాత్రం కుర్చీ వేసి కూర్చోబెట్టేది. దానికి కారణం నా డైరీలే. ఒక మధ్యాహ్నం మా ఇంటికి వచ్చి ఒక డైరీ తీసి, చదవడం సరిగ్గా రాకపోయినా, పేజీలు తిప్పుతూ పోయింది. చివరిదాకా తిప్పి మూసేసి, నిజంగానే ఆశ్చర్యపడుతూ అడిగింది: "ఇన్నేళ్లు రాసేవు. ఒక్క పువ్వు నేదేటి బాబూ?"

నేను నవ్వేశాను. ఆ రాత్రి మాత్రం నవ్వు రాలేదు. మర్నాడు వెళ్లి, నీ బట్టీ లెక్క నేను రాస్తానన్నాను. ఆవిడ సరేనంది. వేడి చూపించే మీటరు ఒకటి కొన్నది గాని రెండో కాల్పుకే పాడైంది. అప్పట్నుంచి మట్టి ఉంగరాలే ఆవిడ మీటరు. పళ్లేలకి పూసిన గ్లేజే వాటికీ పూసి, బట్టీకున్న చిన్న కంత దగ్గర అయిదు ఉంగరాలు నిలబెట్టేది. గ్లేజు పూసినప్పుడు పిండిలా ఉంటుంది, సరైన వేడికి కరిగి గాజవుతుంది. వేడి చాలకపోతే గరుకుగా ఉండిపోతుంది, ఎక్కువైతే కారిపోయి కింద గీసినదాన్ని కూడా లాక్కుపోతుంది. అది తెలుసుకోవడానికి మధ్యమధ్యలో ఊచతో ఒక ఉంగరం బయటికి లాగి, నీళ్లలో ముంచి, దాని మీద గోరు పెట్టి గీసేది. ఒకసారి నా వేలు పట్టుకుని నాచేత గీయించింది.

"జారిందా, ఆగిందా?"

"జారింది."

"అయితే సరి. ఆపెయ్."

ఆరోజు నేను రాసుకున్నది ఇంతే: ఉదయం తొమ్మిదికి మంట, సాయంత్రం నాలుగు గంటల ముప్ఫై అయిదు నిమిషాలు, మూడో ఉంగరం, మంట ఆపు. పదకొండు కాల్పులకీ ఇలాగే గంటలూ నిమిషాలూ ఉన్నాయి. గోరు సంగతి ఒక్కచోటా రాయలేదు.

పోయే ముందు ఆవిడ చేసినవి పన్నెండు పలకలు. మా వీధి చివర అంగన్‌వాడీలో పిల్లలు చేతులు కడుక్కునే కుళాయి పైన గోడకి పెట్టడానికి. వీధిలో ఆడవాళ్లు ఒక్కొక్కరూ వచ్చి మెత్తటి మట్టి మీద అరచెయ్యి ఆనించి పోయారు. ఆ అచ్చులో ఆవిడ ఒక్కో చేతికి ఒక్కో రకం గోరింటాకు గీసింది. ఒకదానికి గడప లత, ఒకదానికి గుడి తామర, ఒకదానికి పాతకాలపు చందమామ, అరచేతిలో గుండ్రంగా ఒక్క చుక్క, వేళ్ల చివర టోపీలు. "పిల్లలు సెయ్యి కడుక్కోమంటే కడగరు బాబూ. గోడ మీద ఇన్ని సేతులుంటే సూసి కడుగుతారు" అంది. పచ్చిమట్టి గట్టిపడడానికి చేసే మొదటి కాల్పు ఆవిడే చేసింది. గ్లేజు పూత కూడా ఆవిడే పోసింది. మిగిలింది ఆ పూత కరిగించే రెండో కాల్పు.

అది చెయ్యకుండానే ఒక ఉదయం కాఫీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, గోడకి ఆనుకుని కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదు. స్నానం చేయిస్తున్నప్పుడు ఎడమ చేతి మీద సగం చెరిగిన నమూనా ఒకటి ఉందట. తీగో, పిట్టో, ఎవరూ పోల్చలేకపోయారు.

నాలుగు నెలలు బట్టీ మూతపడి ఉంది. కొడుకు కంపెనీ ఉద్యోగి, తెల్లవారగానే బస్సెక్కితే చీకటి పడ్డాక వస్తాడు. మంచివాడే. "బేకరీ పెడతన్న ఒకాయన బట్టీ అడుగుతున్నాడు మావయ్యా. సోమవారం వొచ్చి పట్టుకెల్తానన్నాడు. అమ్మే లేనప్పుడు ఎందుకిది?" అన్నాడు నాతో. కోడలు గుమ్మంలోంచి వింటోంది.

"ఆ పన్నెండూ కాల్చేక మాట్లాడు" అంది.

"నువ్వు కాలుస్తావేటి?"

"ఆఁ. బాగా రాకపోతే నేనే దగ్గరుండి డ్రమ్ము ఎక్కిస్తాను."

"వొస్తే?"

"వొస్తే ఇది ఇక్కడే ఉంటాది. నేనే నడుపుతాను."

అతను సరేనన్నాడు. సోమవారానికి ముందు రోజు ఆదివారం. పన్నెండు పలకలకి రెండో జత లేదు. అదీ ఆ ఉదయం మేం నలుగురం ఆ పెరట్లో ఉండడానికి కారణం.

నేను పదకొండు కాల్పుల డైరీలూ సంచిలో తెచ్చి వరసగా పెట్టుకున్నాను. ఆ అమ్మాయి ఎప్పుడు మంట పెంచాలో అడిగింది, నేను చూసి చెప్పాను. మధ్యాహ్నం మా ఆవిడ పులిహోర తెచ్చింది, బట్టీ ఎదుటే నిలబడి తిన్నాం. నాలుగున్నర దాకా అంతా నా పేజీల ప్రకారమే నడిచింది.

"అమ్మా, నాలుగూ ముప్ఫై అయిదు. ఆపెయ్" అన్నాను.

ఆమె మూడో ఉంగరం లాగింది. నీళ్లలో ముంచింది. గోరు పెట్టి గీసింది. తలెత్తకుండానే, "ఆగతంది మావయ్యా" అంది.

"పదకొండు సార్లలో ఒక్కసారి కూడా అయిదు దాటలేదు. ఇదిగో చూడు."

"అప్పుడు నెలకోసారైనా ఎలిగేది. ఇప్పుడు నాలుగు నెల్లు సల్లగా పడుంది. మంచం పట్టిన మనిషి లేచి నడవాలంటే టైము పట్టదేటి?"

ఇంతలో భర్త అందుకున్నాడు. "అన్నీ రాసుకున్న మావయ్య సెప్తంటే నీ గోరేటే మద్దెన? ఎక్కువైతే గ్లేజు కారిపోద్ది. అందికే అమ్మ అనేది, నీది తొందర సెయ్యని."

ఆమె ఊచ కింద పెట్టింది. మొహం మంట వేడికి ఎర్రగా ఉంది. "తొందర సెయ్యయితే ఇప్పుడే ఆపేద్దును" అంది.

నేను డైరీ మూసి ఒళ్లో పెట్టుకున్నాను. నా మనసులో మాత్రం నా లెక్కే నిజమని ఉంది, అది దాచను. అయిదయింది. అయిదుంబావుకి నాలుగో ఉంగరం తీసింది. "సగం" అంది. భర్త లేచి గేటు దాకా వెళ్లి వచ్చాడు, మళ్లీ వెళ్లాడు. మా ఆవిడ అతని చెయ్యి పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టింది. "ఉండరా బాబూ, నువ్వు అటూ ఇటూ తిరిగితే అది కరుగుద్దా?"

మిగిలింది ఒక్క ఉంగరం. అది తీశాక చూసుకోవడానికి ఇంకేమీ ఉండదు. ఆమె కంత దగ్గర కన్ను పెట్టి చాలాసేపు లోపలికి చూసింది. అయిదూ నలభైకి ఊచ పెట్టి లాగింది. ముంచింది. తను గియ్యలేదు. భర్త దగ్గరికి పట్టుకెళ్లి ఇచ్చింది.

"నువ్వు సూడు."

అతను బొటనవేలి గోరు పెట్టి గీశాడు. ఇంకోసారి గీశాడు.

"జారతంది" అన్నాడు.

మంట ఆపింది. నేను డైరీ తెరిచి రాశాను: అయిదు గంటల నలభై రెండు నిమిషాలు, అయిదో ఉంగరం. ఆగి, పక్కన ఇంకో మాట చేర్చాను: గోరు జారింది.

మర్నాడు ఉదయం ఎనిమిదింటికి బట్టీ మూత తీశాం. ఇటుక ఇంకా గోరువెచ్చగా ఉంది. ఆమె ఒక్కొక్క పలకా రెండు చేతులతో తీసి అరుగు మీద పరిచిన గోనెసంచి మీద పెడుతూంటే మా ఆవిడ పైకి లెక్కపెట్టింది. పది బాగా వచ్చాయి. ఎర్రమట్టి తేనె రంగులోకి తిరిగింది. గాజు కింద తెల్లగీతలు, గడప లతా, తామరా, చందమామా, అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. పదకొండోది రెండు ముక్కలైంది. పన్నెండోది మంటకి దగ్గరగా ఉన్నట్టుంది, గ్లేజు కారి వేళ్లు నాలుగూ ఒకటైపోయాయి.

ఎనిమిదిన్నరకి బేకరీ ఆయన ఫోను చేశాడు. కొడుకు ఫోను చెవి దగ్గర పెట్టుకుని అరుగు వైపు చూస్తూ, "లేదండీ, ఇప్పుడివ్వడం నేదు. మా ఆవిడికి కావాలట" అన్నాడు. తరవాత చెప్పులేసుకుని బస్సుకి వెళ్లిపోయాడు. ఆ రోజు బస్సు తప్పిపోయిందని, షేరాటోలో వెళ్లాడని సాయంత్రం తెలిసింది.

కారిపోయిన పలకని ఆ అమ్మాయి వెలుగులోకి తిప్పి చూసింది. "అత్తయ్యగారూ, ఇది మీ సెయ్యే. సేపలు గీసింది అత్త దీని మీద. పోయేయి" అంది.

"పోతే పోయేయి. చెయ్యి నా దగ్గరే ఉంది కదే" అంది మా ఆవిడ.

ఆ అమ్మాయి లోపలికెళ్లి తడిగుడ్డలో చుట్టిన మట్టి ముద్ద తెచ్చింది. బల్ల మీద పరిచింది, చపాతీలాగ. చాకుతో నాలుగు పక్కలా కోసింది. మా ఆవిడ గాజులు వెనక్కి తోసుకుని అరచెయ్యి దాని మీద ఆనించింది. ఆ అమ్మాయి ఒక్కొక్క వేలినీ పైనుంచి మెల్లగా నొక్కింది. తరవాత కోను చేతిలోకి తీసుకుని మూతి కోసింది.

"అత్త గీతలాగ రాదు, ముందే సెప్తన్నాను."

"రాకపోతే మానె. నీ గీతలాగ రానీ."

"సరే, ఇంక సెయ్యి తియ్యండి అత్తయ్యగారూ, గియ్యాల."

"ఉండవే" అంది మా ఆవిడ. "చల్లగా ఉంది."